చక్కెర మాటున కొవ్వు

తెలుగువారు నలుగురు కూడిన చోట "షుగర్" అన్న మాట వినిపించకుండా ఒక పూట గడవదు. విందులో పాయసం గిన్నెను పక్కకు జరిపేవారు ఒకరు, కాఫీలో పంచదార వద్దని సైగ చేసేవారు మరొకరు, "మా ఇంట్లో అందరికీ ఉన్నదే కదా" అని సరిపెట్టుకొని రెండవ లడ్డూ అందుకొనేవారు ఇంకొకరు. అమెరికాకు వచ్చి ఇరవై, ముప్ఫై ఏళ్ళు గడిచిన కుటుంబాలలో ఈ వ్యాధి ఎంత సహజమైపోయిందంటే, నలభయ్యో పడిలో అది రావడాన్ని తల నెరవడంతో సమానంగా ఎంచుతున్నారు. ఈ నిర్లిప్తత ప్రమాదకరం. అందుకు కారణం కొంతవరకు పేరులోనే ఉన్నది. వ్యాధికి చక్కెర పేరు పెట్టుకొన్నందువల్ల చక్కెర మానితే చాలునన్న భ్రమ, చక్కెర అంకె బాగుంటే ఏ భయమూ లేదన్న ధీమా రెండూ పుట్టాయి. గత కొన్ని దశాబ్దాల జీవరసాయన శాస్త్రం చెబుతున్న కథ వేరు. పెద్దలలో అత్యధికంగా కనిపించే రెండవ రకం మధుమేహంలో చక్కెర చివరి అంకంలో రంగం మీదికి వచ్చే పాత్ర. తెర వెనుక ఏళ్ళ తరబడి ఆట నడిపేవి దారి తప్పిన కొవ్వు, దాని నుంచి పుట్టే సంకేతాణువులు, వాటిని తయారుచేసే ఎంజైములు.

మధుమేహం అన్న సంస్కృత నామంలోనే తేనె ఉన్నది. పాశ్చాత్య వైద్యులు వాడే 'మెల్లిటస్' అన్న పదానికీ అర్థం అదే. 1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో జోసెఫ్ ఫాన్ మేరింగ్, ఆస్కార్ మింకోవ్‌స్కీ ఒక కుక్క క్లోమాన్ని తొలగించి, దాని మూత్రంలో చక్కెర పోతున్నదని కనుగొన్నారు. ఆనాటి నుంచి పరిశోధన చాలావరకు చక్కెర చుట్టూనే తిరిగింది. 1992లో అమెరికాలోని డాలస్ నగరానికి చెందిన జీవరసాయన శాస్త్రవేత్త డెనిస్ మెక్‌గారీ 'సైన్స్' పత్రికలో ఒక చమత్కారమైన ప్రశ్న వేశాడు. మింకోవ్‌స్కీ నాలుకకు రుచి తెలియకపోయి ఉంటే ఏమయ్యేది? మూత్రపు తీపికి బదులు అందులోని ఎసిటోన్ వాసనను పట్టుకొని ఉంటే, క్లోమం పోయినప్పుడు దెబ్బతినేది కొవ్వుల జీవక్రియ అని తేల్చి ఉండేవాడు కదా! ఎసిటోన్ కొవ్వు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పదార్థం. ప్రశ్న హాస్యంగా కనిపించినా అందులో గంభీరమైన హెచ్చరిక ఉన్నది. వ్యాధిని మొదట ఏ ద్వారం గుండా చూశారో, ఆ తరువాతివారు కూడా ఆ ద్వారం దగ్గరే నిలబడిపోతారు.

ఇంధనమే కాదు, సందేశం కూడా

కొవ్వు అనగానే వంటింట్లోని నూనె, నెయ్యి, నడుము చుట్టూ పేరుకొన్న మడతలు స్ఫురిస్తాయి. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం కొవ్వును రెండు పనులకే పరిమితం చేశారు: ఒకటి నిలువ ఉంచిన ఇంధనం, రెండవది కణానికి గోడవంటి పొర. 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ దంపతులు పావురపు క్లోమం ముక్కల మీద ఎసిటైల్‌కోలీన్ అనే నాడీ రసాయనాన్ని ప్రయోగించారు. కణపు పొరలలోని ఫాస్ఫోలిపిడ్లలోకి రేడియోధార్మిక ఫాస్ఫరస్ చేరే వేగం ఒక్కసారిగా పెరిగింది. బయటినుంచి ఒక కబురు రాగానే గోడలోని ఇటుకలు కదిలాయన్నమాట. దీని అంతరార్థం తెలియడానికి పాతికేళ్ళు పట్టింది. 1977లో జపాన్‌లోని కోబే నగరంలో యసుటోమి నిషిజుకా బృందం ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైమును కనుగొన్నది. దానిని మేల్కొలిపేది డైఎసైల్ గ్లిసరాల్ అనే చిన్న కొవ్వు అణువని ఆ వెంటనే తేల్చింది. అంటే కొవ్వు అణువులు కణం లోపల వార్తాహరులుగా కూడా పనిచేస్తాయి.

ఈ రంగంలో ఒక తెలుగువాని చేయి కూడా ఉన్నది. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి అతి స్వల్ప పరిమాణంలో ఉన్న ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించాడు. తరువాతి తరాలవారు ఫాస్ఫోలిపిడ్లను కొలవడానికి వాడిన పద్ధతులకు అదే పునాది. సుబ్బారావు విగ్రహాలకు దండలు వేసే తెలుగు సంఘాలు ఆయన పద్ధతి ఎటువంటి జ్ఞానానికి దారి తీసిందో కూడా తమ పిల్లలకు చెబితే ఆ గౌరవం సార్థకమవుతుంది.

గాదె నిండిన తరువాత

ఆరోగ్యవంతుని శరీరంలో కొవ్వుకు తగిన స్థానం కొవ్వు కణం. అందులో కొవ్వు ట్రైగ్లిజరైడ్ రూపంలో, అనగా ఒక గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు కట్టివేసిన రూపంలో ఉంటుంది. భోజనానంతరం లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము రక్తంలోని ట్రైగ్లిజరైడ్‌ను విడగొట్టి, కొవ్వు ఆమ్లాలను ఈ కణాలలోనికి చేర్చుతుంది. ఉపవాస సమయంలో మరికొన్ని ఎంజైములు తాళం తీసి వాటిని బయటకు పంపుతాయి. వీటిలో మొదటి బంధాన్ని తెంచే ఎంజైమును ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో రుడాల్ఫ్ జెక్నర్ బృందం 2004లో గాని గుర్తించలేదు. తలుపు తీయడం, వేయడం ఇన్సులిన్ ఆజ్ఞానుసారం జరుగుతుంది. ఇన్సులిన్ పని చక్కెరను అదుపు చేయడమొక్కటే అనుకొనేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. కొవ్వు తలుపును మూసి ఉంచడం దాని ముఖ్య ధర్మాలలో ఒకటి.

గాదెలో ఉన్న ధాన్యం ఇంటికి సిరి. గాదె నిండిన తరువాత అదే ధాన్యాన్ని వసారాలోను, వంటింట్లోను కుప్ప పోస్తే ఎలుకలకు పండుగ. కొవ్వు కణాలు ఇక పట్టలేని స్థితికి వచ్చినప్పుడు కొవ్వు ఆమ్లాలు కాలేయంలోను, కండరాలలోను, క్లోమంలోను చేరుతాయి. ఆ అవయవాలు కొవ్వును దాచడానికి పుట్టినవి కావు. అక్కడ పెరిగే డైఎసైల్ గ్లిసరాల్, ప్రోటీన్ కైనేజ్ సి రూపాలలో ఒకదానిని రెచ్చగొట్టి, ఇన్సులిన్ గ్రాహకం పనిని మందగింపజేస్తుందని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్డ్ షుల్‌మన్ బృందం వాదిస్తున్నది. పామిటిక్ ఆమ్లం, సెరీన్ అనే అమైనో ఆమ్లం కలిసి మొదలయ్యే మరొక దారిలో సెరమైడ్ తయారవుతుంది. ఇది ఇన్సులిన్ కబురును కణం లోపల మోసుకుపోయే ఎకెటి అనే ఎంజైమును అడ్డుకొంటుంది. తలుపు బయట ఇన్సులిన్ తడుతూనే ఉంటుంది, లోపలివారికి వినిపించదు. క్లోమం మరింత ఇన్సులిన్ పంపుతుంది. ఏళ్ళ తరబడి ఇలా శ్రమించి అది అలసిపోయిన నాడు రక్తంలో చక్కెర అంకె పెరుగుతుంది. ఆ రోజున "షుగర్ వచ్చింది" అంటారు. నిజానికి అది వచ్చి చాలాకాలమైంది.

దోషం కొవ్వుది కాదు, దాని స్థానభ్రంశానిది అనడానికి బలమైన సాక్ష్యం ఉన్నది. లైపోడిస్ట్రోఫీ అనే అరుదైన వ్యాధి గలవారికి కొవ్వు కణాలు దాదాపు ఉండవు. శరీరం బక్కచిక్కి ఉంటుంది. అయినా వారికి తీవ్రమైన మధుమేహం వస్తుంది, కాలేయం కొవ్వుతో నిండిపోతుంది. కొవ్వు కణాలు లేకుండా పుట్టించిన ఎలుకలకు 2000వ సంవత్సరంలో ఆరోగ్యకరమైన కొవ్వును అమర్చినప్పుడు వాటి మధుమేహం తగ్గింది. కొవ్వును చేర్చడం చికిత్స అయిందన్న ఈ ఒక్క వాస్తవం "కొవ్వు శత్రువు" అనే నినాదాన్ని తలకిందులు చేస్తుంది. దాచవలసిన చోట దాగిన కొవ్వు మిగిలిన అవయవాలకు కాపలాదారు.

నెయ్యి మానినంత మాత్రాన

ఇక్కడ చాలా కుటుంబాలు ఒక పొరపాటు చేస్తాయి. "మేము నూనె తగ్గించాము, నెయ్యి మానివేశాము" అంటూనే కంచంలో తెల్లని అన్నాన్ని రాశిగా పోసుకొంటాయి. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని కాలేయం వృథా పోనివ్వదు. ఎసిటైల్ కోఎంజైము ఏ కార్బాక్సిలేజ్, ఫ్యాటీ ఆసిడ్ సింథేజ్ అనే రెండు ఎంజైములు దానిలో కొంత భాగాన్ని కొవ్వు ఆమ్లంగా మార్చివేస్తాయి. అలా మొట్టమొదట తయారయ్యేది, సెరమైడ్‌కు ముడిసరుకు అయిన పామిటిక్ ఆమ్లమే. అంతే కాదు. ఈ దారిలో పుట్టే మలోనిల్ కోఎంజైము ఏ, కొవ్వు ఆమ్లాలు దహనం కావడానికి మైటోకాండ్రియాలోనికి పోయే ద్వారాన్ని మూసివేస్తుంది. 1977లో ఈ కీలకాన్ని బయటపెట్టినది కూడా మెక్‌గారీ బృందమే. కొత్త సరుకు తయారవుతున్నప్పుడు పాత సరుకును తగులబెట్టకూడదన్నది శరీరపు పొదుపు సూత్రం. కరువు కాలంలో ఇది ప్రాణాన్ని కాపాడింది. మూడు పూటలా కంచం నిండే కాలంలో ఇదే కాలేయాన్ని ముంచుతున్నది. చక్కెర ఖాతా వేరు, కొవ్వు ఖాతా వేరు అనుకొనేవారు తెలుసుకోవలసినది ఒక్కటే: శరీరానికి ఉన్నది ఒకే ఖాతా.

నడక విలువ కూడా ఈ ఎంజైముల భాషలోనే చక్కగా అర్థమవుతుంది. కండరం కదిలినప్పుడు ఎఎంపి కైనేజ్ అనే మరొక ఎంజైము మేల్కొని పైన చెప్పిన కార్బాక్సిలేజ్‌ను ఆపుతుంది. మూసిన ద్వారం తెరుచుకొంటుంది, కొవ్వు దహనమవుతుంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం లేకుండానే చక్కెరను లోనికి తీసుకొంటుంది. భోజనం చేయగానే కుర్చీలో కూర్చొని మరునాటి ఉద్యోగపు పనిని ముందు వేసుకొనే గృహస్థునికి, ఆ పని మొదలుపెట్టే ముందు అరగంట నడవమని చెప్పడం చాదస్తం కాదు, శుద్ధ రసాయన శాస్త్రం.

సన్నని శరీరం, నిండిన కాలేయం

"లావుగా ఉన్నవారికి కదా ఈ బెడద" అని సన్నగా ఉన్నవారు నిశ్చింతగా ఉంటారు. ఈ నిశ్చింత దక్షిణాసియావారికి తగదు. 2004లో 'లాన్సెట్' పత్రికలో ఇద్దరు వైద్యుల చిత్రం అచ్చయింది. ఒకరు పుణె నగరానికి చెందిన యాజ్నిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్‌కిన్. ఎత్తుకు తగిన బరువును సూచించే బిఎంఐ ఇద్దరికీ 22.3. కాని శరీరంలోని కొవ్వు యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. తూకంలో సమానులైన ఇద్దరిలో ఒకరి శరీరం రెండింతలకు పైగా కొవ్వును మోస్తున్నది. అమెరికాలో చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాలలోని దక్షిణాసియా సంతతివారిని 2010 నుంచి పరిశీలించిన 'మసాలా' అధ్యయనం కూడా ఇటువంటి ఫలితాన్నే చూపింది. ఇతర జాతులవారితో పోల్చినప్పుడు వీరిలో కండరం తక్కువ, కాలేయంలో కొవ్వు ఎక్కువ. గాదె చిన్నది కనుక తొందరగా నిండుతున్నదని భావించడానికి ఆధారాలున్నాయి.

ఈ జ్ఞానం వైద్య నియమాలలోకి కూడా చేరింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా సంతతివారికి బిఎంఐ 23 దగ్గరే మధుమేహ పరీక్ష మొదలుపెట్టాలని సూచించింది. ఇతరులకు ఆ హద్దు 25. 2018 నాటి అమెరికన్ కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా సంతతిని గుండెజబ్బు ముప్పును పెంచే అంశాలలో చేర్చాయి. భారతదేశంలో మధుమేహం గలవారు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో భారతీయ వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. కనుక ఇది పరదేశపు తిండి తెచ్చిన పీడ మాత్రమే కాదు. మాతృదేశంలో ఉన్నవారిదీ, వలస వచ్చినవారిదీ ఒకటే దేహతత్త్వం.

మాత్ర కోసం ఎదురుచూపు

ఎంజైమే కారణమైతే దానిని అడ్డుకొనే మాత్ర చాలదా అని విద్యావంతులు అడగవచ్చు. ప్రశ్న అసంగతం కాదు. హెచ్‌ఎంజి కోఎంజైము ఏ రిడక్టేజ్ అనే ఎంజైమును నిరోధించే పదార్థాన్ని 1970లలో జపాన్‌లో అకిరా ఎండో బూజు నుంచి వెలికితీశాడు. 1987లో ఆ కుటుంబపు మొదటి మందు, లోవాస్టాటిన్, అమెరికాలో అంగీకారం పొందింది. స్టాటిన్లు అసంఖ్యాకుల గుండెలను కాపాడుతున్నాయి. డిపిపి-4 అనే ఎంజైమును అడ్డుకొనే సిటాగ్లిప్టిన్ 2006లో వచ్చింది. ఆ ఎంజైముకు సులభంగా లొంగని సెమాగ్లూటైడ్ 2017లో వచ్చింది. వీటి మేలును కాదనడం మూర్ఖత్వం, వైద్యుడు రాసిచ్చిన మందును సొంతంగా మానడం అంతకంటే మూర్ఖత్వం.

కాని చరిత్రలో మరొక పక్షం కూడా ఉన్నది. కొవ్వును తిరిగి గాదెలోనికి తోలే ట్రోగ్లిటజోన్ 1997లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చి, కాలేయానికి హాని చేస్తున్నదని 2000లో వెనక్కు పోయింది. కార్బాక్సిలేజ్‌ను నిరోధించే ఒక మందును కాలేయంలో కొవ్వు పేరుకొన్న రోగులకు ఇచ్చిన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కాలేయపు కొవ్వు తగ్గింది, కాని రక్తంలో ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగాయి. ఒక చోట నొక్కితే మరొక చోట ఉబ్బడం జీవక్రియల స్వభావం. సెరమైడ్‌కు దాని ద్విబంధాన్ని సమకూర్చే ఎంజైమును ఎలుకలలో తొలగించినప్పుడు ఇన్సులిన్ నిరోధకత, కాలేయపు కొవ్వు రెండూ తగ్గాయని 2019లో స్కాట్ సమ్మర్స్ బృందం చూపింది. రెండు హైడ్రోజన్ పరమాణువుల తేడాతో ఒక అణువు సాధువో, దుష్టుడో అవుతున్నదన్నమాట. అద్భుతమైన ఫలితం. అయినా ఎలుకలో దొరికిన జవాబు మనిషికి మందుగా మారే దారి సుదీర్ఘం.

శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం ఉన్నదని చెప్పడం కూడా అసత్యమే అవుతుంది. ప్రధాన దోషి డైఎసైల్ గ్లిసరాలా, సెరమైడా అన్న వివాదం ఇంకా తెగలేదు. సుశిక్షితులైన క్రీడాకారుల కండరాలలో మధుమేహ రోగులలో ఉన్నంత ట్రైగ్లిజరైడ్ ఉన్నా వారికి ఇన్సులిన్ చక్కగా పనిచేస్తుందని 2001లో వెల్లడైంది. నిలువ ఎంత అన్నదానికంటే అది ఎంత చురుకుగా ఖర్చవుతున్నది, దాని నుంచి ఏ అణువులు పుడుతున్నవి అన్నదే ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది. వివాదం అణువుల మధ్య, దారుల మధ్య ఉన్నది. కొవ్వు తనది కాని చోట పేరుకొనడం కీడు అన్న విషయంలో ఇరుపక్షాలకూ భేదం లేదు. సామాన్య గృహస్థునికి కావలసినది ఆ మాటే.

సంఘాలు చేయదగినది

ఆశకు కారణం లేకపోలేదు. బ్రిటన్‌లో 2017లో వెలువడిన 'డైరెక్ట్' పరిశోధనలో, వ్యాధి వచ్చి ఆరేళ్ళు దాటనివారికి పర్యవేక్షణలో కఠినమైన మితాహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తరువాత 46 శాతం మంది మధుమేహం మందుల అవసరం లేని స్థితికి చేరారు. మామూలు చికిత్స పొందినవారిలో ఈ స్థితికి వచ్చినవారు 4 శాతమే. కాలేయంలోని కొవ్వు కరిగినందువల్లనే ఇది సాధ్యమైందని ఆ పరిశోధనకు నాయకులలో ఒకరైన రాయ్ టేలర్ వివరించాడు. అందులో పాల్గొన్నవారు చాలావరకు స్థూలకాయులైన శ్వేతజాతీయులు కనుక అంకెను యథాతథంగా తెలుగువారికి అన్వయించరాదు. కాని వ్యాధి ఒకసారి వస్తే ఇక ఎన్నటికీ వెనక్కు పోదన్న నిరాశకు శాస్త్రాధారం సన్నగిల్లింది.

ఈ నేపథ్యంలో ప్రవాస తెలుగు సంఘాలు తమ ఆరోగ్య శిబిరాల తీరు మార్చుకోవలసి ఉన్నది. వేలి నుంచి ఒక రక్తపు బొట్టు తీసి, చక్కెర అంకె చూసి, "మీకేమీ లేదు" అని పంపడం చాలా సందర్భాలలో తప్పుడు భరోసా ఇవ్వడమే. ఆ అంకె కథ ముగింపులో మారేది. కథ మొదట్లోనే మారేవి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, నడుము కొలత. దక్షిణాసియా పురుషునికి నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు ఉంటే జాగ్రత్త పడాలన్నది 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య పెట్టిన హద్దు. పరగడుపున ట్రైగ్లిజరైడ్లు 150 చేరినవారు, మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బిఎ1సి 5.7 శాతం తాకినవారు వైద్యుని వద్దకు వెళ్ళాలి. ముప్ఫై ఏళ్ళు నిండిన పిల్లలను కూడా ఈ పరీక్షకు కూర్చోబెట్టాలి. సంబంధం చెడిపోతుందేమోనని ఇంటిలోని వ్యాధిని దాచే అలవాటు పోవాలి. దాచినందువల్ల వ్యాధి పోదు, చికిత్సకు అనువైన తొలి ఏళ్ళు పోతాయి.

మహాసభల విందులలో గారెలు, పులిహోర, బొబ్బట్లు ఉండకూడదని ఎవరూ అనరు. అవి లేనిది పండుగ కాదు. పండుగ భోజనం ప్రతి వారాంతపు భోజనం కావడమే చిక్కు. ఆ బల్ల మీదనే కూరలకు, పప్పుకు, మజ్జిగకు అగ్రస్థానం ఇవ్వడం, భోజనానంతరం ఉపన్యాసానికి కూర్చోబెట్టే బదులు పిల్లా పెద్దా కలిసి ఒక చుట్టు నడిచే ఏర్పాటు చేయడం నిర్వాహకుల చేతిలోని పని. రాబోయే మహాసభలో పేర్లు నమోదు చేసే బల్ల పక్కన ఒక కొలత టేపు, ఒక స్వచ్ఛంద సేవకుడు, హద్దులు రాసిన ఒక అట్ట ఉంచినా చాలు. ఆ టేపు ఖరీదు విందులో ఒక్క లడ్డూ ఖరీదును మించదు.